జంట కాపలా

మంచు ఇంకా విడలేదు. సామ్రాజ్యం ఖాళీ నూనె డబ్బాను నడుముకు ఆనించుకుని కర్రతో మూడు దెబ్బలు వేసింది. చెరువు మధ్యలో ఎక్కడో రెక్కలు నీళ్ళను కొట్టిన చప్పుడైంది. నీటికాకులు. కంటికి కనపడకపోయినా ఎక్కడ లేచాయో, ఎటు పోతున్నాయో చెవికి తెలుస్తూనే ఉంది. పడమటి గట్టు వైపు పోతున్నాయి. ఇక అటునుంచి ఆమె మొగుడు ఏసుపాదం కేక వెయ్యాలి.

వేశాడు. "ఓ... హోయ్" అని, మంచులోంచి బరువుగా వచ్చింది కేక. పిట్టలు దిగబోయినవల్లా మళ్ళీ పైకి లేచి ఉప్పుటేరు మీదుగా వెళ్ళిపోయాయి. వెళ్ళడమంటే ఒక చుట్టు తిరిగి రావడమే. ఈ మాత్రం దానికి ఇంత అరుపెందుకని సామ్రాజ్యానికి రోజుకొకసారైనా అనిపిస్తుంది. అనిపించినా కర్ర ఆగదు.

రేపల్లె నుంచి సముద్రం వైపు పోయే దారిలో, ఊళ్ళన్నీ అయిపోయాక వరసగా ఆరు రొయ్యల చెరువులున్నాయి. తెనాలిలో ఉండే పూర్ణచంద్రరావు గారివి. రోడ్డు వైపు షెడ్డు, షెడ్డులో మేత బస్తాలు, బస్తాల మధ్య గుమస్తా హనుమయ్య. తూర్పు గట్టు దాటితే మడ అడవి. అది ఫారెస్టు వాళ్ళది, పిట్టల బొమ్మలు వేసిన బోర్డు కూడా పాతారు. చలికాలం వస్తే ఎక్కడెక్కడి పిట్టలో ఆ మడలో దిగుతాయి. దిగి అక్కడే ఉంటే ఎవరికీ బాధ లేదు. పక్కనే ఆరు విస్తళ్ళలో రొయ్యలు వడ్డించి పెడితే ఊరుకునే పిట్టేది? ఇదివరకు టపాకాయలు కాల్చి తరిమేవారు. ఫారెస్టు వాళ్ళు వచ్చి కేసు పెడతామనేసరికి అవి మానేశారు. ఇప్పుడు మిగిలినవి డబ్బా, గొంతు.

పిట్టల కాపలాకి హనుమయ్య ఎప్పుడూ మొగుడూ పెళ్ళాలనే పెట్టుకుంటాడు. ఒకరు తూర్పు గట్టు, ఒకరు పడమటి గట్టు. ఒకరు లేపిన పిట్ట రెండోవాళ్ళ వైపు దిగకుండా వాళ్ళు కేక వెయ్యాలి, వాళ్ళు లేపింది ఇటు దిగకుండా వీళ్ళు వెయ్యాలి. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఆలుమగల మధ్య అదే మాట, అదే జవాబు. ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇద్దరూ మూట సర్దుకోవాల్సిందే, ఇంకో జంట వస్తుంది. వీళ్ళకు ముందున్న జంటలో మొగుడి కాలికి మేకు దిగింది. వాళ్ళు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు.

అందుకే దీపావళి నాడు వచ్చిన జ్వరంతో సామ్రాజ్యం గొంతు పోయిన సంగతి హనుమయ్యకు తెలియనివ్వలేదు.

ముందు బొంగురుపోయింది, తర్వాత గుసగుస మిగిలింది. రేపల్లెలో చూపించుకుంటే, నెల రోజులు మాట్లాడొద్దని చెప్పి మాత్రలు రాశారు. అరవడమే పనిగా బతుకుతున్న మనిషిని నోరు మూసుకుని ఉండమంటే ఏం చెప్పాలి? అక్కడ తలూపి, మాత్రలు కొంగున కట్టుకుని మర్నాడు మళ్ళీ గట్టు మీదికి వచ్చింది. ఒకప్పుడు ఆ గొంతు వేరు. వాళ్ళ ఊరి లూథరన్ గుడిలో పాట ఎత్తుకోవాలంటే పాస్టరు గారు ఆమె వైపే చూసేవారు. రెండు చలికాలాలు పిట్టల మీద అరిచేసరికి అంత గొంతూ ఈ ఉప్పుగాలి పాలైంది. అది తల్చుకుంటే ఆమెకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

పని పోతే షెడ్డు వెనకాల రేకుల గది కూడా పోతుంది. ఊళ్ళో ఇల్లు తుఫానుకి ఒక పక్క కూలి అలాగే ఉంది. బాపట్లలో బట్టల కొట్లో పనిచేసే కూతురు కరుణశ్రీ, రొయ్యల పట్టుబడి అయిపోగానే వచ్చెయ్యండి, అమ్మను గుంటూరులో గొంతు డాక్టరుకి చూపిద్దామంది. పట్టుబడి ఫిబ్రవరిలో. అప్పటిదాకా నెట్టుకొస్తే చాలు.

నెట్టుకొచ్చే ఉపాయం ఏసుపాదమే కనిపెట్టాడు. తన గట్టు మీద తన కేక వేసి, అంగలేసుకుంటూ చెరువుల నడిమి గట్టు మీదికి వచ్చి, గొంతు సన్నం చేసి ఆమె కేక కూడా తనే వేస్తాడు. ఆమె కేక చివర్న సాగి పైకి లేస్తుంది, పాటలో చరణం ఎత్తుకున్నట్టు. అరవై దగ్గర పడ్డ మగవాడు, మంకీక్యాప్ పెట్టుకుని, మోకాళ్ళ దాకా లుంగీ ఎగ్గట్టి ఆ సాగదీత సాగదీస్తుంటే మొదటి రోజు సామ్రాజ్యం డబ్బా కింద పడేసి నవ్వింది. ఆ నవ్వుకీ చప్పుడు లేదు. హనుమయ్యకు షెడ్డులోంచి రెండు గొంతులు వినపడుతున్నాయి. రెండు గట్ల మీదా ఇద్దరు మనుషులు మెదులుతున్నారు. అంతకంటే ఎవరికైనా ఏం కావాలి?

మొదట్లో బాగానే ఉంది. ఈమధ్య ఆ అంగలు చిన్నవైపోయాయి. నడిమి గట్టుకు చేరేసరికి ఏసుపాదానికి ఆయాసం వస్తోంది. కేక వేశాక మోకాళ్ళ మీద చేతులానించి వంగి నిలబడిపోతున్నాడు. అడిగితే గుండెల్లో మంటంటాడు, రాత్రి తిన్నది అరగలేదంటాడు, రోడ్డు మీది బడ్డీకి పోయి సోడా తాగొస్తాడు. వయసులో తెనాలి మిల్లుల్లో బస్తాలు మోశాడు. తర్వాత బాపట్ల ఇసక నేలల్లో వేరుశెనగ పీకే కూలికి పోయాడు. నడుం ఒప్పుకున్నన్నాళ్ళు బరువు పనులు చేసి, ఒప్పుకోని రోజున ఈ అరిచే పనికి వచ్చాడు. ఇందులో మోసేదేముందిలే అని సంబరపడ్డాడు కూడా, పిచ్చి మారాజు.

ఆ ఆదివారం కూడా అలాగే మొదలైంది. ఆదివారం గుడికి పోవడం ఈ పనిలో చేరినప్పుడే పోయింది, పిట్టలకు ఆదివారం లేదు కదా. మంచు తేలిపోయి గట్టు మీది గడ్డి ఆరేసరికి ఏసుపాదం నడిమి గట్టుకు నాలుగైదుసార్లు వచ్చి వెళ్ళాడు. సామ్రాజ్యం అటు చూస్తూ డబ్బా కొడుతోంది. ఆయన వంగినప్పుడల్లా ఆమె కర్ర తప్పుతోంది. కూర్చో, కాసేపు కూర్చో అని చేత్తో సైగ చేసింది. ఆయన షెడ్డు వైపు గడ్డంతో చూపించి మళ్ళీ తన గట్టుకు పోయాడు.

కారు వచ్చి షెడ్డు దగ్గర ఆగింది. తెనాలి పళ్ళ డాక్టరు కృష్ణకాంత్, ఆయన భార్య హిమబిందు. చలికాలం అంతా ఆదివారాలు వీళ్ళు ఇటు వస్తూనే ఉంటారు. వారమంతా మనుషుల నోళ్ళలోకి చూసి, సెలవు రోజున పిట్టల ముక్కుల్లోకి చూడ్డానికి వస్తాడని హనుమయ్య ఆయన వెనకాల అంటుంటాడు. ఆమె మెడలో బైనాక్యులర్స్, ఆయన భుజాన చెయ్యంత పొడుగు లెన్సు. తూర్పు గట్టు మీద, సామ్రాజ్యం నిలబడేచోటికి కాస్త అవతల స్టాండు పాతుకుని మడ వైపు చూస్తూ కూర్చుంటారు. అక్కడైతే మడ దగ్గరగా కనపడుతుందట, ఫోటో బాగా వస్తుందట. ఫోటో వచ్చేదాకా ఎక్కడ? ఆయన వేలు నొక్కబోయే వేళకి ఈమె డబ్బా మోగుతుంది, చెరువులో పిట్టతో పాటు మడలో పిట్ట కూడా లేచిపోతుంది. ఆయన కోప్పడడు. కెమెరా మీంచి తలెత్తి, నొప్పి తగ్గదని తెలిసిన రోగిలా ఒక చూపు చూస్తాడు. ఆమెకు ఆ చూపు బాగా ఇబ్బంది.

ఈసారి ఆయన నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. మడలోకి గరిటెముక్కు కొంగలు వచ్చాయట. ముక్కు చివర గరిటెలా వెడల్పుగా ఉంటుంది, దాంతో నీళ్ళను అటూ ఇటూ కలుపుతూ తింటాయి, మూడేళ్ళుగా వాటి కోసమే తిరుగుతున్నానన్నాడు.

"ఒక్క గంట డబ్బా ఆపండమ్మా. పూర్ణచంద్రరావు గారితో ఇందాకే ఫోన్లో మాట్లాడాను. సరేనన్నారు."

ఆమె నమ్మలేక షెడ్డు వైపు చూసింది. అప్పటికే హనుమయ్య గట్టు మీద నడిచి వస్తున్నాడు. ఓనరు గారు చెప్పారని, డాక్టరు గారు చాలనేదాకా ఎవరూ డబ్బా ముట్టుకోవద్దని, గంటలో పిట్టలు తినే రొయ్యలు ఓనరు గారివే కాబట్టి తనకేం నొప్పి లేదని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "అటు ఏసుపాదాన్ని కూడా కూర్చోమను" అన్నాడు.

సామ్రాజ్యం భుజం మీది తెల్ల తువ్వాలు తీసి రెండు చేతులతో పైకెత్తి, మెల్లగా కిందికి దించింది. కూర్చో అని. పడమటి గట్టు మీద ఏసుపాదం కదల్లేదు. అర్థం కాలేదేమో అని మళ్ళీ ఎత్తి దించింది. అప్పుడాయన షెడ్డు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, చివరికి నీళ్ళు వదిలే తూము దగ్గరి సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. అంత దూరాన్నుంచి కూడా ఆయన కాళ్ళు చాపుకోవడం ఆమెకు కనపడింది. హమ్మయ్య అనుకుంది. చలికాలం మొదలయ్యాక పగటిపూట ఆయన కూర్చోగా చూడడం ఇదే.

ఆమె కూడా గడ్డిలో కూలబడింది. హిమబిందు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. గొంతుకేమైందని అడిగితే సామ్రాజ్యం షెడ్డు వైపు చూసి, మెడ తడుముకుని, జలుబు అన్నట్టు చేయి ఊపింది. హిమబిందు తన మెడలోని బైనాక్యులర్స్ తీసి ఆమె మెడలో వేసి, చూడండి అంది. మడ వైపు పెట్టుకుంటే అంతా మసగ్గా కదిలింది. ఇటు తిప్పింది. నీళ్ళు, గట్టు, గడ్డి, తర్వాత ఏసుపాదం. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాడు. మంకీక్యాప్ తీసేసి తలకు తువ్వాలు కప్పుకున్నాడు. కాలి మడమ గోక్కుంటున్నాడు. మొహంలో ఆయాసం లేదు, ఎండ పడి బుగ్గల మీది తెల్లగడ్డం మెరుస్తోంది. కట్టుకున్న మొగుణ్ణి దొంగచాటుగా చూస్తున్నట్టు ఆమెకు సిగ్గేసింది. అయినా ఇంకాసేపు చూసి, అప్పుడు తిరిగిచ్చింది.

అరుపు లేని చెరువు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. ముందు తెల్లకొంగలు వచ్చాయి, ఒక్కొక్కటీ అనుమానంగా. తర్వాత నీటికాకులు గుంపుగా దిగి మునకలేశాయి. రెండుసార్లు ఆమె చెయ్యి తనంతట తాను కర్ర వైపు పోయింది. వెనక్కి లాక్కుంది. రొయ్యను నోట కరుచుకుని లేచిన నీటికాకి తల వెనక్కి వంచి మింగుతుంటే, తిను తల్లీ తిను, ఇవ్వాళ నీ వంతు అనుకుంది. చెవుల్లో ఇన్నాళ్ళుగా ఉన్న మోత దిగిపోతున్నట్టుంది. ఎండ వెచ్చగా ఉంది. ఇలాంటి పూట వారానికొకటి దొరికినా పట్టుబడి దాకా ఏసుపాదం లాక్కొచ్చేస్తాడని ఆశ పుట్టింది.

ఆమెకు కునుకు పట్టింది. కెమెరా టకటకలకు మెలకువ వచ్చేసరికి గరిటెముక్కు కొంగలు మడ దాటి చెరువులోకే వచ్చి ఉన్నాయి. అన్నీ ఒకే వరసలో తలలు వంచి నీళ్ళు కలుపుతున్నాయి. డాక్టరు ఊపిరి కూడా సరిగ్గా తీయడం లేదు. ఆయన భార్య చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళ సంతోషం చూస్తే సామ్రాజ్యానికి ఏదో తనే వండి వడ్డించినట్టు ముచ్చటేసింది.

కాసేపటికి డాక్టరు లెన్సును పడమటి గట్టు వైపు తిప్పాడు. చాలాసేపు నొక్కాడు. ఆ తర్వాత కెమెరా ఊడదీసి, దాని వెనకున్న చిన్న తెర ఆమెకు కనపడేలా వంగి పట్టుకున్నాడు.

"చూడండమ్మా, నారాయణపక్షి. మీ ఆయన పక్కనే దిగింది. ఎంత కదలకుండా కూర్చున్నారండి ఆయన. నాకైనా అంత ఓపిక లేదు."

సామ్రాజ్యం చూసింది. తూము గోడకు వీపు ఆనించి ఏసుపాదం. తువ్వాలు తల మీంచి జారి ఒళ్ళో పడి ఉంది. గడ్డం ఛాతీకి ఆనింది. ఆయన చాపిన కాలి పక్కన, జానెడు దూరంలో, బూడిదరంగు పక్షి మెడ నిటారుగా పెట్టి నిలబడి ఉంది.

అన్ని పిట్టల్లోకీ భయం ఎక్కువున్నది అదే. మనిషి ఆవులిస్తే లేచిపోతుంది. అందులోనూ ఈ మనిషి రెండు చలికాలాలుగా దాన్ని తరిమిన మనిషి, ఆయన లుంగీ రంగు కనపడితే చాలు అది అర మైలు అవతలే మలుపు తిరుగుతుంది. నిద్రపోతున్నా మనిషి ఛాతీ లేస్తుంది, దిగుతుంది. ఆ మాత్రం కదలిక దానికి చాలు.

"ఆయన కూర్చోలేదండి" అంది. గొంతు రాలేదు. ఆ మాట పక్కనున్న వాళ్ళిద్దరికీ వినపడలేదు.

ఆమె లేచి పరిగెత్తింది. నడిమి గట్టు మీదుగా, చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే, పరిగెడుతూ ఆయన్ను పిలుద్దామని నోరు తెరిచింది. గాలి వచ్చింది, కేక రాలేదు. ఎన్ని వేల కేకలు పిట్టల మీద పారేసుకుంది, ఒక్కటి దాచుకోలేకపోయింది. చెరువుల్లో పిట్టలు తలలెత్తి చూసి, అరవని మనిషి కదా అని మళ్ళీ తిండిలో పడ్డాయి. నారాయణపక్షి మాత్రం ఆమె బాగా దగ్గరికి వచ్చాక, తీరిగ్గా రెక్కలు విప్పి లేచింది.

వెనకాలే డాక్టరు వచ్చాడు. ఏసుపాదాన్ని గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, గుండె మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతూనే ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. పళ్ళ డాక్టరు, అయినా వదిలిపెట్టలేదు. హిమబిందు ఆయన భుజం మీద చెయ్యి వేశాక ఆగాడు. టోపీ తీసి గడ్డిలో పెట్టాడు. తాను అంతసేపు ఆ మనిషినే చూశాను, ఏం చూశానో తెలియలేదని భార్యతో అన్నాడు. కాసేపటికి సామ్రాజ్యం దగ్గరికి వచ్చి, ఆ ఫోటో తీసెయ్యమంటారా అని అడిగాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది.

హనుమయ్య అప్పటికి వచ్చాడు. కాస్త ఎడంగా నిలబడి ఫోన్లో ఓనరు గారికి చెప్తున్నాడు. చెరువుల నిండా పిట్టలు దిగి ఉన్నాయని, రేపటికి ఇంకో జంటను చూడాలని. మెల్లగానే మాట్లాడాడు గానీ గట్టు మీద అన్నీ వినపడతాయి. సామ్రాజ్యానికి కోపం రాలేదు. అనుకున్నదే కదా, ఒకరు పోతే ఇద్దరూ పోవాలి.

ఫోను జేబులో పెట్టుకుని హనుమయ్య ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.  ఓదార్పుగా ఉంటుందనుకున్నాడో ఏమో, ఉన్న మాట చెప్పాడు.

"ఆ రెండో కేక కూడా ఏసుపాదానిదేనని నాకు తెలుసమ్మాయ్. మొదటి వారంలోనే తెలిసింది. పోనీలే, పని జరుగుతోంది కదా అని తెలియనట్టే ఉన్నాను. నిన్ను తీసేసేవాణ్ణి కాదు."

సామ్రాజ్యం అతని మొహంలోకి చూసింది. మంచివాడే. అబద్ధం చెప్పడం లేదు. ఆమె పెదాలు కదిలాయి. అతను చెవి దగ్గరికి పెట్టాల్సి వచ్చింది.

"ఆ ముక్క ఆయనకి చెప్పుంటే, మధ్యమధ్యలో కాసేపు కూర్చునేవాడు కదండి."

 హనుమయ్య లేచి, ఏసుపాదం కాళ్ళ వైపు తను పట్టుకుంటానన్నాడు.

డాక్టరూ హనుమయ్యా కలిసి ఆయన్ను కారు దాకా మోశారు. బరువు లేడు. కరుణశ్రీకి ఫోను హిమబిందు చేసింది. బాపట్ల నుంచి నేరుగా సొంత ఊరికే వచ్చేస్తానని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. వెనక సీట్లో తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోబోతూ సామ్రాజ్యం ఆయన పాదాలు చూసింది. ఉత్త కాళ్ళు. ఒక్క నిమిషం అని వేలు చూపించి, మళ్ళీ గట్టు మీద అంత దూరమూ నడిచింది. నడుస్తుంటే చెరువుల్లో ముక్కుల చప్పుడు, రెక్కల చప్పుడు. తరిమేవాళ్ళు లేరు.

చెప్పులు తూము దిమ్మ పక్కన జతగా విడిచి ఉన్నాయి. వంగి తీసుకుంది. అప్పుడు దిమ్మ మీది కాగితం కనపడింది. కాల్చిన తాటి తేగ. ఎప్పుడు కొన్నాడో, బడ్డీలో కొని మొలలో దాచి ఉంటాడు, ఆమెతో అనలేదు. నిలువునా చీల్చి ఒక సగం తినేశాడు, పీచు పక్కన పడి ఉంది. తేగ చీలిస్తే మధ్యలో ఉండే లేత మొలక, అదే చందమామ, పెళ్ళైన కొత్తలోనే ఆమె వంతైంది, ఎన్నడూ ఆయన నోట్లో వేసుకోలేదు. ఆమె చెయ్యి చాపింది. అది తినే శక్తి గానీ పారేసే శక్తి గానీ తనకు లేదనిపించి వెనక్కి తీసుకుంది. అవతల కారు హారన్ మోగింది. చెప్పులు రెండూ కొంగులో చుట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది.

సిమెంటు దిమ్మ మీద, నూనె మరకల కాగితంలో, తేగలో రెండో సగం తెల్లటి చందమామతో అలాగే ఉంది.